మూడో పలక

"ఇది కూడా విచ్చుకుంది," అంది పిచ్చుక.

మరుగుతున్న నీళ్ళలోంచి పట్టకారుతో తీసిన చెక్కముక్కను చాకు మొనతో అలా తాకిందో లేదో, అంటుకుని ఉండాల్సిన పొరలు ఒకదాని మీంచి ఒకటి జారి, వానలో తడిసిన పుస్తకంలా విడిపోయాయి. ఇది పద్దెనిమిదోది. గిన్నెలో ఇంకో రెండు ముక్కలు బుడబుడమంటున్నాయి. వాటిని తీసి చూసే ఓపిక ఆమె ముఖంలో లేదు.

"నా గిన్నెలు అయిదు," అంది వదిన, వంటింటి గుమ్మానికి చేరబడి. "అయిదూ నీ చెక్కలకే ఇచ్చాను. మనుషులకి దేంట్లో వండమంటావో చెప్పు."

"ఈ ఒక్క పూట వదినా."

"ఆ ఒక్క పూట మొదలై మూడు రోజులైంది. పోనీ ఉడకలేదా అంటే అదీ కాదు. శుభ్రంగా ఉడికింది. నీ ఏడుపల్లా అదే."

మరో రోజైతే పిచ్చుక నవ్వేది. ఇవాళ నోట్‌బుక్కు తెరిచి, పద్దెనిమిదో గడిలో అడ్డంగా ఒక గీత గీసింది. ఆ పేజీ నిండా గీతలే.

పెద్దవాడు కిటికీ దగ్గర టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. నలభై మూడేళ్ళు వచ్చినా, తండ్రి తర్వాత ప్లైవుడ్ కార్ఖానా తనే నడుపుతున్నా, ఇంట్లో అతని పేరు పెద్దవాడే. చెల్లెలు రసాయనశాస్త్రంలో డాక్టరేటు తెచ్చుకున్నా ఇంట్లో పిచ్చుకే. కార్ఖానాలో ఆమెను డాక్టరమ్మ అంటారు, ఎదురుగా ఉన్నప్పుడు గౌరవంగా, వెనక్కి తిరగగానే వెటకారంగా.

"ఆరు వారాల కిందట ఇవే పొరలు," అంది పిచ్చుక. "ఇదే సోయా పిండి, ఇదే బెరడు కషాయం. ఆ రోజు ప్రెస్సు వేసిన మూడో ప్లైవుడ్ పలక ముక్కల్ని నాలుగు గంటలు ఉడకబెట్టాం. ఒక రోజు ఆరబెట్టి మళ్ళీ నాలుగు గంటలు ఉడకబెట్టాం. చాకు పెట్టి లాగితే చెక్క చీలింది కాని జిగురు వదల్లేదు. ఇప్పుడు మొదటి ఉడుకుకే ఊడిపోతోంది. ఏం మారింది అన్నయ్యా?"

"నన్నడిగితే? నేను ప్రెస్సు నొక్కేవాణ్ణి."

"ఆ రోజు ప్రెస్సు వేడి ఎంత?"

"నువ్వే రాసుకున్నావుగా."

"రాసుకున్నవన్నీ సరిపోతున్నాయి. రాసుకోనిది ఏదైనా ఉందా అని."

"ఏముంటుంది? ఎప్పటిలాగే చేశాను."

పొద్దుట్నుంచి ఆమె ఈ ప్రశ్న అడగడం ఇది ఏడోసారి. మొదటిసారి జవాబు చెప్పినప్పుడు అతనికి గొంతు తడబడింది. ఏడోసారికి తడబాటు పోయింది. అలవాటైపోయినందుకే అతనికి తన మీద తనకి రోత పుట్టింది.

"పోనీ ఆ కాగితం మీద సంతకమైనా పెట్టు," అంది పిచ్చుక, తల ఎత్తకుండానే. "బల్లలావిడ రెండుసార్లు అడిగింది."

బల్లలావిడంటే బడిపిల్లలకి బల్లలు చేయించే ఆవిడ. మూడో పలక చూసి, ఇలాంటివైతే ఏడాది పొడుగునా మీ దగ్గరే కొంటానంది. అయితే ఆవిడ పట్టుదల ఒకటే. పిల్లలు రోజంతా మొహం ఆనించే బల్లలో, కళ్ళు మండించే రెజిన్ జిగురు చుక్క కూడా ఉండకూడదు. ఆ మాట జిగురు చేసిన మనిషీ ప్రెస్సు వేసిన మనిషీ రాసి ఇవ్వాలి. అంతటితో ఊరుకోలేదు. మూడో పలకలో సగం కోయించి, ఎంత ఘాటు వాయువు వదులుతుందో కొలిచే చోటికి పంపింది. ఎల్లుండి రిపోర్టు.

"కళ్ళజోడు కార్ఖానాలో మర్చిపోయాను," అన్నాడు పెద్దవాడు.

"మొన్న పెన్ను లేదన్నావు."

"మొన్న నిజంగానే పెన్ను లేదు."

పిచ్చుక గిన్నె కింద మంట ఆర్పింది. "పోనీలే. ఆ రిపోర్టు గురించి మాత్రం నాకు బెంగ లేదు. జిగురు పట్టు చాలకపోవచ్చు. కాని అందులో రెజిన్ లేదు. ఏ గాజుపెట్టెలో పెట్టి ఎన్నాళ్ళు చూసుకున్నా వాళ్ళకి దొరికేది సోయా వాసనే."

పెద్దవాడికి టీ గొంతులో అడ్డం పడింది.

"చూసి తాగండి," అంది భార్య.

"ఎటు లెక్కేసినా ఒకటే తేలుతోంది," అంది పిచ్చుక, నోట్‌బుక్కు మూసి. "పిండత్త. ఈ రెండో విడత జిగురు కలిపింది ఆమె ఒక్కతే. కొలవకుండా నీళ్ళు గుమ్మరించి ఉంటుంది. సాయంత్రం ఆమెతో చెప్పేస్తాను, రేపట్నుంచి రావద్దని."

పెద్దవాడు గ్లాసు కిటికీలో పెట్టి బయటికి నడిచాడు. చెప్పులు వేసుకున్నాడో లేదో కూడా అతనికి వీధి మలుపు దాకా తెలియలేదు.

*

కార్ఖానాలో ప్రెస్సు చల్లగా ఉంది. దాని ఇనుప పళ్ళేలు నోరు మూసుకున్నట్టు ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉన్నాయి. గోడవారగా పల్చటి చెక్కపొరల కట్టలు. వాటి వెనక రెజిన్ పీపాలు, మూతల చుట్టూ తెల్లగా అట్టకట్టి.

ఆ పీపాల మధ్యే నాన్న ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. ఇప్పుడు రెజిన్ ఉన్న గదిలో కూర్చుంటే చాలు, ఆయన కళ్ళు ధారలు కడతాయి. అందుకే కార్ఖానా గడప తొక్కడు. పిచ్చుక ఈ పిండి జిగురు వెనక పడింది కూడా ఆ కళ్ళు చూసే. ఆయనకేమో అది నచ్చలేదు. "గాలిపటాలు అంటించుకోవడానికి పనికొస్తుంది," అన్నాడు మొదట్లో. తర్వాత ఆ మాటైనా అనలేదు. రెండేళ్ళు కూతురి పని ఊసే ఆయన ఇంట్లో ఎత్తలేదు. తిట్టినా బాగుండేదని ఆమె ఒకసారి అన్నయ్యతో అంది.

మూడో పలక నాడు ఏం జరిగిందో పెద్దవాడికి కళ్ళు మూసుకున్నా తెరిచినా ఒకేలా కనిపిస్తుంది.

మొదటి పలక ప్రెస్సు తెరవగానే పేలింది. పిండి జిగురులో తడి ఎక్కువ. ఆవిరికి దారి దొరక్క మధ్యలో బుడగ కట్టి, ఫట్‌మని ఉబ్బింది. రెండోదీ అంతే. పిచ్చుక రెండో పలక మీద చెయ్యి పెట్టి, ఆ ఉబ్బును జ్వరం చూసినట్టు నిమిరింది. తర్వాత ఎవరో ఫోను చేస్తే బయటికి వెళ్ళింది. వెళ్తూ ఒక్కసారి వెనక్కి చూసింది.

ఆ చూపే అతన్ని చెడగొట్టింది. చిన్నప్పుడు సైకిలు మీంచి పడి, ఏడవాలా వద్దా అని ముందు తన ముఖం చూసేది. అదే చూపు. అతను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే చేసేవాడు కాదని అనుకుంటాడు, కాని ఆ మాట తను పూర్తిగా నమ్మడు. మగ్గు తీసుకున్నాడు. పీపాలో ముంచాడు. చెల్లెలి జిగురులో పోసి కర్రతో తిప్పాడు. ఉప్పు చాలని కూరలో ఉప్పు వేసినట్టు, అంత తేలిగ్గా.

సాయంత్రం చెప్పేద్దామనుకున్నాడు. కాని పిచ్చుక, పేలకుండా వచ్చిన ఆ మూడో పలకను సంకలో పెట్టుకుని ఇంటికి పరిగెత్తింది. నాన్న చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ముఖానికి దగ్గరగా తీసుకుని, అంచు మీద వేలు రాసి, చాలాసేపు చూశాడు. "బాగుంది," అన్నాడు. అని, రుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ రాత్రి పిచ్చుక అన్నం తినలేదు, సంతోషంతో. ఆ తర్వాత ఇక చెప్పడానికి చోటు దొరకలేదు. రోజులు గడిచేకొద్దీ అబద్ధం గట్టిపడింది, ప్రెస్సులో వేడికి జిగురు గట్టిపడ్డట్టే.

"బాబూ."

అతను ఉలిక్కిపడ్డాడు. పిండత్త చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ నిలబడి ఉంది. ఆమె అసలు పేరు జీతాల చీటీల మీద తప్ప ఎక్కడా వినిపించదు. పిండి కలుపుతుంది కాబట్టి పిండత్త.

"డాక్టరమ్మ నన్ను మాన్పిస్తుందంట. లోడు దింపేవాళ్ళు నిన్నట్నుంచి అనుకుంటున్నారు."

"ఎవరన్నారు? అలాంటిదేం లేదత్తా."

"ఉంది. నీ ముఖంలోనే ఉంది." ఆమె డబ్బా బోర్లించి దాని మీద కూర్చుంది. "నీళ్ళు ఎక్కువ పోశాననుకుంటోందా?"

అతను పీపాల వైపు చూశాడు.

"పదకొండేళ్ళుగా కలుపుతున్నాను. ఈ చెయ్యి తూకం తప్పదు. తప్పిందని నువ్వంటావా?"

"నేననలేదు."

"అనలేదు. కాదని కూడా అనలేదుగా."

బయట ఎవరో కట్టలు దింపుతున్న చప్పుడు. ఆమె గొంతు తగ్గించింది. "ఆ రోజు నేను పొరల కట్ట వెనకాల ఉన్నాను బాబూ. మగ్గు చూశాను."

ప్రెస్సు అంచు పట్టుకున్నాడు.

"అయితే ఎందుకు చెప్పలేదు?"

"నాకెందుకు? మీ ఇంటి సంగతి. చెల్లెలంటే నీకు ప్రాణం, అది నాకు తెలుసు." ఆమె లేచి, కొంగు దులుపుకుంది. "పని పోతే ఇంకోటి చూసుకుంటాను. చేతులున్నాయి. కాని ఈ చేతులకి తూకం తెలీదన్న పేరుతో నన్ను పంపకు. ఆ పేరుతో ఏ గుమ్మం ఎక్కాలి నేను?"

ఆమె వెళ్ళిపోయింది. కోపంగా వెళ్ళినా బాగుండేదనిపించింది అతనికి. పోతూ పోతూ, పిండి డ్రమ్ము మీద మూత సరిగ్గా పడిందో లేదో చూసి మరీ వెళ్ళింది.

*

సాయంత్రం నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. నాన్న ఎప్పటిలా గోడవైపు కుర్చీలో, ఒళ్ళో రుమాలుతో.

"పక్కింటివాళ్ళ గిన్నెలో వండాను," అంది పెద్దవాడి భార్య, వడ్డిస్తూ. "రుచిలో తేడా వస్తే ఆ గిన్నెనే అనండి, నన్ను కాదు."

పెద్దవాడు కంచం పక్కకి జరిపాడు.

"పిండత్తకి చెప్పావా?"

"ఇంకా లేదు. తినేసి వెళ్తాను," అంది పిచ్చుక.

"చెప్పొద్దు. తప్పు ఆమెది కాదు."

"మరెవరిది?"

"నాది."

పిచ్చుక అతని వైపు చూసి, ఆ రోజంతటిలో మొదటిసారి కొంచెం నవ్వింది. "నువ్వు మారవు అన్నయ్యా. ఎవరు ఏం పాడు చేసినా నీ నెత్తిన వేసుకుంటావు. ఇది జాలిపడే విషయం కాదు. పిండిలో నీళ్ళు ఎక్కువైతే ఎక్కువైనట్టే."

చెప్పడమే కష్టమనుకున్నాడు ఆరు వారాలూ. చెప్పాక నమ్మించడం ఇంకో కష్టమని అతనికి తట్టలేదు.

"పిచ్చుకా, విను. రెండో విడతలో ఎవరూ ఏమీ చెయ్యలేదు. నీ జిగురు ఎలా ఉందో అలాగే ఉంది. చేసింది మూడో పలకలో. నేను రెజిన్ కలిపాను."

గరిటె గిన్నెలో జారిపడింది. దాన్ని ఎవరూ తీయలేదు.

పిచ్చుక అరుస్తుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. రెంటికీ సిద్ధపడే వచ్చాడు. ఆమె లేచి వెళ్ళి నోట్‌బుక్కు తెచ్చుకుని, కంచం పక్కన తెరిచింది.

"ఎంత?"

"ఒక మగ్గు."

"ఏ మగ్గు?"

"నీళ్ళ తొట్టి దగ్గర ఉండేది. నీలం రంగుది."

"నిండుగానా?"

"కొంచెం తక్కువ."

"కొంచెం అంటే?"

"నాలుగు వేళ్ళు."

"అడ్డంగానా నిలువుగానా?"

పెద్దవాడి భార్యకి ఆపుకోలేక నవ్వు వచ్చింది. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "తప్పే. నాకు భయమేసినా నవ్వే వస్తుంది."

"అడ్డంగా," అన్నాడు పెద్దవాడు.

పిచ్చుక రాసుకుంది. పక్కన లెక్క వేసింది. "వందకి ఆరు పాళ్ళు. చాలు. ఉడికినా ఊడదు." పెన్ను పక్కన పెట్టింది. "గాజుపెట్టెలో దాగదు కూడా."

"నీ ముఖం చూడలేకపోయాను. రెండు పలకలు పేలిపోయాక నువ్వు అలా..."

"నా ముఖం చూడమని నిన్నెవరడిగారు?"

"పిచ్చుకా..."

"ఆ మూడోది కూడా పేలి ఉంటే ఏమయ్యేది? తడి తగ్గించి నాలుగోది వేసేదాన్ని. అదీ పోతే అయిదోది. ఆరు వారాలు అన్నయ్యా. ఆరు వారాలు నేను లేని జిగురు వెనకాల తిరిగాను. ఆ పలక ఎలా నిలబడిందో తెలుసుకోవడానికి నా సొంత జిగురును అనుమానించాను. పిండత్తను అనుమానించాను. నా చదువును అనుమానించాను." ఆమె గొంతు పెరగలేదు, ఇంకా చిన్నదైంది. "నేను ఓడిపోతానని కాదు నీ భయం. ఓడిపోతే నన్ను ఓదార్చాల్సి వస్తుందని."

అది నిజమో కాదో పెద్దవాడికి తెలియలేదు. కాదని చెప్పడానికి లోపల వెతుక్కున్నాడు. ఎక్కడా దొరకలేదు.

ఆమె ఉన్నట్టుండి తండ్రి వైపు తిరిగింది. ఏదో పోల్చుకుంటున్నట్టు కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"నాన్నా. ఆ పలక చేతికిచ్చినప్పుడు నువ్వు కళ్ళు తుడుచుకున్నావు."

ఆయన రుమాలు మడత విప్పి, మళ్ళీ వేశాడు.

"సంతోషం అనుకున్నాను. అందరం అలాగే అనుకున్నాం." ఆమె ఆగింది. "కళ్ళు మండాయా?"

ఆయన రుమాలు బల్ల మీద పెట్టాడు.

"మండాయి," అన్నాడు.

"తెలిసే బాగుందన్నావా?"

"నువ్వు గుమ్మంలో రొప్పుతూ నిలబడ్డావమ్మా. ఏమనమంటావు?"

పిచ్చుక తల ఊపింది. ఏదో కొలత సరిపోయినట్టు, అంతే. రెండేళ్ళ మౌనం తర్వాత ఆమెకి దొరికిన ఒక్క మాటా మగ్గెడు రెజిన్‌కి దక్కిన మాటే. పోనీ ఇద్దరు మగవాళ్ళూ ఒకరితో ఒకరు చెప్పుకుని చేశారా అంటే అదీ లేదు. ఎవరికి వారే, ప్రేమతోనే.

"ఇప్పుడేం చెయ్యాలో చూద్దాం," అన్నాడు అతను, గొంతు సవరించుకుని. పని మాటల్లోకి దిగితే ఊపిరి ఆడుతుందనిపించింది. "ఇంకా మించిపోలేదు. రిపోర్టు ఎల్లుండి కదా. రెజిన్ లేదని మనం రాసి ఇవ్వలేదు. కాగితం అలమరలోనే ఉంది. చింపేద్దాం. ఆవిడకి నేనే ఫోను చేసి, కలిపింది నేను, మా చెల్లెలికి తెలీదు అని చెబుతాను. అప్పుడు నిన్నెవరూ మోసగత్తె అనరు. నామీదే పోతుంది."

పిచ్చుక పెన్నుకి మూత పెట్టింది.

"ఏమంటావు?"

ఆమె నోట్‌బుక్కు అంచులు సరిచేసింది. సరిగ్గానే ఉన్న అంచుల్ని మళ్ళీ సరిచేసింది.

"కాగితం అలమరలో లేదు," అంది.

"మరి?"

"మధ్యాహ్నం నువ్వు వెళ్ళగానే పంపేశాను."

"నా సంతకం లేకుండానా?"

"నీ సంతకంతోనే."

పెద్దవాడికి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది.

"నాలుగు రోజులు తిప్పావు," అంది ఆమె, బల్ల వైపు చూస్తూ. "కళ్ళజోడన్నావు, పెన్నన్నావు. బద్ధకం అనుకున్నాను. నీకు అభ్యంతరం ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. ఎలాగూ పెట్టేవాడివేగా అని... నేనే పెట్టాను. నీ సంతకం నాకు ఎప్పట్నుంచో వచ్చు."

"నన్నడక్కుండా నువ్వెలా..." అని మొదలుపెట్టాడు అతను. ఆ రోజు మొదటిసారి అతనికి కోపం వచ్చింది, వెచ్చగా, హాయిగా. నాలుగు మాటలు కూడా పూర్తి కాకుండానే, ఆ వాక్యం తనది కాదని తెలిసిపోయింది. అది ఆమెది. ఆరు వారాల కిందట, మగ్గు పీపాలో మునిగినప్పుడే ఆమె అనాల్సింది.

పక్కకి జరిపిన కంచం మళ్ళీ ముందుకి లాక్కున్నాడు.

"బాగుంది," అంది పెద్దవాడి భార్య, ఎవరితోనూ కాకుండా. "జిగురులో ఈయన కలిపాడు, కాగితం మీద నువ్వు కలిపావు. ఆవిడ ముందుకెళ్ళి ఇప్పుడు ఎవరి తప్పు ఎవరు చెప్పుకుంటారు?"

నాన్న కుర్చీ కిర్రుమంది. ఆయన లేవలేదు.

పిచ్చుక ఫోను తీసింది. నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోనును కంచాలకి మధ్యన, ఇద్దరికీ సమానమైన దూరంలో పెట్టింది.

"నీది నువ్వు చెప్పు, నాది నేను చెబుతాను," అంది. "ముందు ఎవరో నాకు తెలీదు."

అటు మోగుతోంది. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి మధ్యలో తెగి, బల్లలావిడ గొంతు వినిపించింది.

"చెప్పండి డాక్టరమ్మా. ఇప్పుడే మీకే చేద్దామనుకుంటున్నాను."

అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి నోరు తెరిచారు. ఒకరి కోసం ఒకరు ఆగిపోయారు.